జమాల్ బర్జింజీ: అమెరికా ముస్లిం సంస్థల వెనుక ఒక కుర్దు వ్యాపారి

జమాల్ బర్జింజీ 1939లో ఉత్తర ఇరాక్‌లోని మోసుల్‌లో పుట్టి, 2015లో అమెరికాలో కన్నుమూసిన కుర్దు జాతీయుడు. రసాయన ఇంజనీరింగ్ చదివి వ్యాపారిగా స్థిరపడ్డారు. అమెరికాలో ముస్లింలకు ఈనాడు విద్యార్థి సంఘం ఉంది, మసీదుల ఆస్తులను కాపాడే ట్రస్టు ఉంది, పుస్తకాలు వేసి విశ్వవిద్యాలయాల్లో ఆచార్య పీఠాలు నెలకొల్పే పరిశోధన సంస్థ ఉంది. ఈ మూడింటి చరిత్రలోనూ ఆయన పేరు వస్తుంది. వేదికలెక్కి జనాన్ని ఉర్రూతలూగించిన వక్తగానో, గొప్ప గ్రంథాలు రాసిన పండితుడిగానో కాక, నలుగురూ కలిసి మాట్లాడుకున్న ఆలోచనకు రిజిస్ట్రేషన్, స్థలం, రాబడి ఏర్పరచిన మనిషిగా ఆయన గుర్తుండిపోయారు. వలస సమాజాల చరిత్ర రాసేవారు ఇలాంటివారిని తరచుగా వదిలేస్తారు. ఆ సమాజాలు నిలబడింది మాత్రం చాలావరకు వీళ్ల వల్లే.

బర్జింజీ అన్న ఇంటిపేరుకు కుర్దుల్లో పెద్ద చరిత్రే ఉంది. సులేమానియా ప్రాంతంలోని బర్జింజా అనే ఊరి నుంచి వచ్చిన సయ్యద్ వంశం అది. ప్రవక్త వంశీకులుగా, ఖాదిరీ సూఫీ మార్గపు గురువులుగా ఆ ఇంటివారికి కొండ ప్రాంతాల్లో గౌరవం దక్కేది. ఈ ఇంటిపేరున్న జాఫర్ అల్-బర్జింజీ 18వ శతాబ్దంలో మదీనాలో ముఫ్తీగా ఉన్నారు. ప్రవక్త జననాన్ని కీర్తిస్తూ ఆయన రాసిన మౌలిద్ గ్రంథాన్ని ఇండోనేసియా పల్లెల్లో ఇవాళ్టికీ గానం చేస్తారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక సులేమానియాలో బ్రిటిష్ వారి మీద తిరగబడిన షేక్ మహమూద్‌దీ ఇదే వంశం. 1919లో బ్రిటిష్ సేన ఆయన్ని ఓడించి, గాయపడిన స్థితిలో పట్టుకుని భారతదేశానికి ప్రవాసం పంపింది. తిరిగొచ్చాక 1922లో కుర్దిస్తాన్ రాజునని ప్రకటించుకున్నారు. ఆ రాజ్యం కొద్దికాలమే నిలిచింది.

మోసుల్ నగరం కొండల కుర్దు ప్రాంతానికి, మైదానపు అరబ్బు ప్రాంతానికి మధ్య సంధిస్థలం. నగరంలో అరబ్బులే ఎక్కువ. వారితో పాటు కుర్దులు, అస్సీరియన్ క్రైస్తవులు, తుర్క్‌మెన్‌లు ఉండేవారు. ఒట్టోమన్ సామ్రాజ్యం కూలాక ఈ నగరం, దీని చుట్టూ ఉన్న రాష్ట్రం ఎవరికి చెందాలన్న తగాదా టర్కీకీ బ్రిటన్‌కూ మధ్య కొన్నేళ్లు నడిచింది. 1925 డిసెంబరులో నానాజాతి సమితి ఇరాక్ పక్షాన తీర్పు చెప్పింది. 1926 ఒప్పందంతో ఆ సరిహద్దు ఖరారైంది. మరుసటి ఏడాది, 1927లో, కిర్కుక్ దగ్గర బాబా గుర్‌గుర్‌లో చమురు ఉబికి వచ్చింది. బర్జింజీ పుట్టేనాటికి ఇరాక్ రాచరికపు దేశం. ఆయన హైస్కూలు వయసుకొచ్చేసరికి దేశ ఆదాయంలో చమురు డబ్బుదే పెద్ద వాటా. ఆ డబ్బుకు ఇంజనీర్లు కావాలి. చురుకైన కుర్రాళ్లు ఇంజనీరింగ్ చదువుల కోసం బ్రిటన్ బాట పట్టిన కాలమది.

ఆయన బ్రిటన్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో రసాయన ఇంజనీరింగ్, ఇంధన సాంకేతికత చదివి 1962లో పట్టా పొందారు. షెఫీల్డ్ అప్పటికి ఉక్కు కొలిమిల నగరం. దాదాపు అదే కాలంలో ఇరాక్ నుంచే వచ్చిన మరో ఇద్దరు బ్రిటన్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నారు. ఎర్బిల్ వాడైన అహ్మద్ తుతుంజీది పెట్రోలియం, మోసుల్ వాడైన హిషామ్ అల్‌తాలిబ్‌ది విద్యుత్తు. ఈ ముగ్గురి స్నేహం అర్ధ శతాబ్దం పైగా సాగింది. అమెరికాలో ఏ ముస్లిం సంస్థ పాత కాగితాలు తిరగేసినా ఈ మూడు పేర్లలో కనీసం ఒకటి తగులుతుంది. బ్రిటన్‌లోని ముస్లిం విద్యార్థి సంఘాలన్నీ కలిసి 1963లో ఫోసిస్ అనే సమాఖ్యగా ఏర్పడ్డాయి. తర్వాత అమెరికాలో ఈ తరం చేసిన పనికి నమూనా అక్కడే తయారైంది. ఒక్కో కళాశాలలో చిన్న సంఘం, వాటన్నిటి పైన ఒక సమాఖ్య, ఏటా ఒక మహాసభ, ఎన్నికైన కార్యవర్గం, లెక్కాపత్రం అన్నవి ఆ నమూనాలోని అంగాలు.

ఈ యువకులను మతం వైపు నడిపించిన వాతావరణం కూడా మోసుల్‌దే. ఈజిప్టులో పుట్టిన ముస్లిం బ్రదర్‌హుడ్ ఆలోచనలను ఇరాక్‌లో నాటిన ముహమ్మద్ మహమూద్ అల్-సవ్వాఫ్ మోసుల్ వాసే. 1950లలో ఇరాకీ విద్యావంతుల ముందు మూడు నాలుగు దారులు ఉండేవి. కొందరు కమ్యూనిస్టులయ్యారు, కొందరు అరబ్బు జాతీయవాదులయ్యారు. కుర్దుల్లో చాలామంది కుర్దు జాతీయోద్యమ నాయకుడు ముస్తఫా బర్జానీ వెంట నడిచారు. జాతి, భాష అన్న గిరులు దాటిన ముస్లిం సమాజం అన్న భావన వైపు వెళ్లినవారు తక్కువ. బర్జింజీ ఆ కొద్దిమందిలో ఒకరు. కుర్దు జాతీయవాదులకు ఈ ఎంపిక నచ్చేది కాదు. అరబ్బు పాలకులు అణచివేస్తుంటే ఉమ్మత్, అంటే ముస్లింలంతా ఒకే సమాజం, అన్న పేరు చెప్పుకుంటే ఏం లాభమని వారి వాదన. 1988లో సద్దాం హుస్సేన్ ప్రభుత్వం అన్ఫాల్ దాడుల్లో వేల కుర్దు గ్రామాలను నేలమట్టం చేసి, ఆ మార్చి 16న హలబ్జా మీద విషవాయువు వదిలినప్పుడు ముస్లిం దేశాలు చాలావరకు నోరు మెదపలేదు. ఆ మౌనం తర్వాత కుర్దు జాతీయవాదుల వాదనను తేలిగ్గా తీసిపారేయడం ఎవరికీ సాధ్యం కాదు.

ఇరాక్‌లో 1958 జులై 14న సైనిక విప్లవం రాజును చంపి రాచరికాన్ని కూల్చింది. ఆ తర్వాత కుట్ర మీద కుట్ర నడిచింది. 1968 జులైలో బాత్ పార్టీ అధికారం చేజిక్కించుకుని, ఎవరినీ మిగలనివ్వకూడదన్న పట్టుదలతో ప్రత్యర్థులను ఏరివేయడం మొదలుపెట్టింది. 1969 జనవరిలో బాగ్దాద్ విమోచన కూడలిలో గూఢచారులన్న ముద్ర వేసి కొందరిని బహిరంగంగా ఉరితీశారు. ఆ ఏడాదే ప్రభుత్వాన్ని విమర్శించిన సున్నీ మతగురువు అబ్దుల్ అజీజ్ అల్-బద్రీ నిర్బంధంలో చనిపోయారు. ఇస్లామిక్ కార్యకర్తలకు ఇరాక్‌లో చోటు లేదని తేలిపోయింది. బ్రిటన్ చదువు తర్వాత స్వదేశంలో ఉన్న బర్జింజీ 1969లోనే దేశం విడిచారు.

అమెరికాకు వలసల తలుపు అప్పుడే తెరుచుకుంటోంది. 1965 అక్టోబరులో అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం, యూరపు దేశాలకు పెద్దపీట వేసిన పాత కోటాలను ఎత్తేసింది. చదువుకున్న ఆసియా యువకులు వేల సంఖ్యలో రావడం దానితోనే మొదలు. అమెరికాలో తెలుగు కుటుంబాల మొదటి తరం స్థిరపడిందీ ఈ చట్టం వల్లే. బర్జింజీ బాటన్ రూజ్‌లోని లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయంలో రసాయన ఇంజనీరింగ్‌లో మాస్టర్స్, ఆపై 1974లో డాక్టరేట్ పూర్తి చేశారు. మిసిసిపీ ఒడ్డున నూనె శుద్ధి కర్మాగారాల మధ్య ఉన్న ఆ ఊళ్లో రసాయన ఇంజనీరుకు ఉద్యోగం దొరకడం కష్టం కాదు. కానీ ఆయన సమయంలో పెద్ద భాగం అప్పటికే ముస్లిం స్టూడెంట్స్ అసోసియేషన్ (ఎంఎస్ఏ) పనులకు వెళ్తోంది.

ఎంఎస్ఏ 1963 జనవరి 1న ఇలినాయ్ విశ్వవిద్యాలయం ఉన్న అర్బానాలో ఏర్పడింది. క్రిస్మస్ సెలవుల్లో ఊళ్లకు వెళ్లలేక క్యాంపస్‌లలో మిగిలిపోయిన విదేశీ విద్యార్థులకు అదే కలుసుకునే అదను. సంఘం తొలినాటి పనులు చిన్నవే. శుక్రవారం జుమా నమాజుకు ఒక గది అడిగి తీసుకోవడం, రంజాన్ నెలవంక ఎప్పుడు కనిపించిందో ఫోన్లు చేసి ఊరూరా తెలియజేయడం, హలాల్ మాంసం ఎక్కడ దొరుకుతుందో చెప్పడం, ఎవరైనా చనిపోతే ఖననం ఎలా చేయాలో చూడడం వంటివి. చర్చిల నేలమాళిగల్లో, విద్యార్థి భవనాల్లోని సమావేశపు గదుల్లో నమాజు జరిగేది. నాలుగేళ్లలో చదువు ముగించి ఇంటికి వెళ్లిపోతామన్న లెక్క మీద నడిచిన సంఘం అది.

1970లు వచ్చేసరికి ఆ లెక్క తప్పింది. ఇరాక్ వారికి తిరిగి వెళ్లే వీలు లేదు. ఈజిప్టు, సిరియా వాళ్లలో చాలామందిదీ అదే స్థితి. భారత, పాకిస్తాన్‌ల డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్లాలన్న ఆలోచనే మానుకున్నారు. పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, బడి వయసుకొచ్చారు. ఎంఎస్ఏ నీడలోనే వృత్తి సంఘాలు పుట్టుకొచ్చాయి. 1967లో వైద్యులకు, 1969లో శాస్త్రవేత్తలకు, ఇంజనీర్లకు, 1972లో సామాజిక శాస్త్రవేత్తలకు వేర్వేరు సంఘాలు ఏర్పడ్డాయి. ఈ విస్తరణను ముందుండి నడిపిన నాయకుల్లో బర్జింజీ ఒకరు. ఉపన్యాసాలు చెప్పేవారు సంఘంలో చాలామందే ఉండేవారు. స్థలం కొనడానికి డబ్బు ఎక్కడిది, కొన్నది ఎవరి పేర రాయాలి, అన్న ప్రశ్నలకు జవాబు వెతికేవారు తక్కువ. బర్జింజీ ఆ తక్కువమంది వైపు నిలబడ్డారు.

ఆ ప్రశ్నల నుంచి వచ్చిందే నార్త్ అమెరికన్ ఇస్లామిక్ ట్రస్టు. నెయిట్ అని పిలిచే ఈ సంస్థ 1973లో ఇండియానా రాష్ట్రంలో రిజిస్టరైంది. దాని స్థాపకుల్లో ఒకరైన బర్జింజీ జనరల్ మేనేజరుగా కూడా పనిచేశారు. ఆయన చేసిన పనులన్నిటిలో ఎక్కువ కాలం నిలిచేది ఇదేననిపిస్తుంది. కాబట్టి దాని పనితీరును కొంచెం దగ్గరగా చూడాలి.

ఒక ఊళ్లో ముప్పై కుటుంబాలు కలిసి చందాలు వేసుకుని పాత చర్చి భవనమో, ఇల్లో కొన్నాయనుకుందాం. ఆస్తి పత్రంలో పేరు ఎవరిది పెట్టాలి? సంఘం అధ్యక్షుడి పేర పెడితే ఆయన ఊరు మారతాడు, చనిపోతాడు, వారసులు వాటా అడుగుతారు. స్థానిక సంఘం పేర పెడితే రేపు సభ్యుల్లో చీలిక వస్తే ఎక్కువ ఓట్లు వచ్చిన వర్గం దాన్ని అమ్మేయవచ్చు. విద్యార్థులు ఎక్కువగా ఉన్న ఊళ్లలో ఈ ప్రమాదం మరీ పెద్దది. నాలుగేళ్లకోసారి సభ్యులంతా మారిపోతారు. ముస్లిం సమాజాలు శతాబ్దాలుగా ఇలాంటి చోట్ల వక్ఫ్ పద్ధతి వాడాయి. ఆస్తిని దేవుడి పేర అంకితం చేస్తే అది ఇక అమ్మకానికి, వారసత్వానికి, దానానికి లోబడదు. నిర్వాహకుడు దాని రాబడిని ధర్మకార్యానికి ఖర్చు చేయాలి, అంతే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వక్ఫ్‌కు ప్రభుత్వ చట్టం, బోర్డు ఉన్నాయి. అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ ప్రకారం ప్రభుత్వం ఏ మతం ఆస్తులనూ తన చేతికి తీసుకోదు. దాంతో అక్కడ వక్ఫ్ పనిని ప్రైవేటు ట్రస్టు రూపంలో అమెరికా చట్టం భాషలోకి దించాల్సి వచ్చింది. నెయిట్ చేసింది ఆ పనే. మసీదు హక్కు పత్రం ట్రస్టు పేరున ఉంటుంది. రోజువారీ నడక, ఇమామ్ నియామకం, పాఠశాల అన్నీ స్థానిక సంఘం చేతిలోనే ఉంటాయి. అమ్మడానికీ, వడ్డీకి తాకట్టు పెట్టడానికీ మాత్రం వీలుండదు. కాలక్రమంలో ఇలా ట్రస్టు పేరున చేరిన మసీదులు, పాఠశాలలు, కేంద్రాలు మూడు వందలకు అటూ ఇటూగా నలభై పైచిలుకు రాష్ట్రాల్లో ఉన్నాయి.

ఈ ఏర్పాటుకు రెండో ముఖమూ ఉంది. చందా వేసినవాళ్లు స్థానికులు, పత్రం మాత్రం ఎక్కడో ఇండియానాలో ఉంటే అందరికీ మింగుడు పడదు. 1980ల మొదట్లో చికాగో శివారు బ్రిడ్జ్‌వ్యూలో మసీదు ఆస్తిని నెయిట్‌కు రాసివ్వడం మీద సభ్యులు రెండు వర్గాలుగా చీలి కోర్టుకెక్కారు. మితవాదులకూ కటువైన మతధోరణి వాళ్లకూ మధ్య పోరుగా అది పత్రికలకెక్కింది. ట్రస్టు పక్షమే గెలిచినా, ఓడినవారిలో కొందరు ఆ మసీదుకు రావడమే మానేశారు. చీలిక నుంచి ఆస్తిని కాపాడేందుకు పుట్టిన ఏర్పాటే అక్కడ చీలికకు కారణమైందన్నది కాదనలేని సంగతి.

ఎంఎస్ఏ కేంద్రం ఇండియానాపొలిస్ పక్కన ప్లెయిన్‌ఫీల్డ్‌లో విశాలమైన స్థలంలోకి మారింది. విద్యార్థి దశ దాటినవారి కోసం 1982లో ఇస్లామిక్ సొసైటీ ఆఫ్ నార్త్ అమెరికా ఏర్పడి అదే ప్రాంగణంలో కొలువుదీరింది. అక్కడి మసీదును గుల్జార్ హైదర్ అనే వాస్తుశిల్పి రూపొందించారు. బయటి నుంచి చూస్తే సాదాసీదా ఇటుక కట్టడం. మీనార్ లేదు, గుమ్మటం కనిపించదు. లోపలికి వెళ్లి తల పైకెత్తితే గుమ్మటాలు దర్శనమిస్తాయి. 1979లో ఇరాన్‌లో అమెరికన్ దౌత్య సిబ్బంది బందీలయ్యాక ముస్లింల మీద అనుమానపు చూపులు పెరిగిన రోజుల్లో, మొక్కజొన్న పొలాల నడుమ కట్టిన మసీదు అది. ఆ తరం మనస్థితికి అంతకంటే కచ్చితమైన సాక్ష్యం దొరకదు.

వడ్డీ నిషేధం మరో చిక్కు తెచ్చింది. వడ్డీకి అప్పు తీసుకోకుండా కట్టడాలు ఎలా లేస్తాయి? దాచుకున్న డబ్బు ఎక్కడ పెట్టాలి? నెయిట్ ప్రమేయంతో 1980ల మధ్యలో అమానా మ్యూచువల్ ఫండ్లు మొదలయ్యాయి. వాషింగ్టన్ రాష్ట్రపు బెల్లింగ్‌హామ్‌లోని సటర్నా క్యాపిటల్ అనే సంస్థ వాటిని నడిపింది. బ్యాంకులు, మద్యం, పంది మాంసం, జూదం వ్యాపారాలు చేసే కంపెనీల షేర్లు కొనకుండా మిగతావాటిలో పెట్టుబడి పెట్టడం వాటి నియమం. మతనియమానికి లోబడిన పెట్టుబడి అన్నది అప్పటి అమెరికాలో కొత్త సంగతి.

డాక్టర్లు, ఇంజనీర్ల చేతిలో మొదలైన ఈ ఉద్యమానికి మేధోపరమైన ఆకలి కూడా ఉంది. 1977లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో జరిగిన ఒక సదస్సులో ముస్లిం ప్రపంచపు వెనుకబాటుకు మూలం చదువుల్లోనే ఉందన్న అభిప్రాయం బలపడింది. మదర్సా చదువుకు ఆధునిక జ్ఞానం తెలియదు, విశ్వవిద్యాలయపు చదువుకు విలువలు లేవు, ఈ రెంటినీ కలపాలి అన్నది వారి నిర్ధారణ. దాని ఫలితంగా 1981లో ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇస్లామిక్ థాట్, అంటే ఐఐఐటీ, పుట్టింది. జాఫాలో పుట్టి, ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో మతాల చరిత్ర బోధించిన పాలస్తీనా పండితుడు ఇస్మాయిల్ ఫారూఖీ దాని మేధోసారథి. మక్కాకు చెందిన అబ్దుల్ హమీద్ అబూ సులేమాన్, ఇరాక్‌లోని ఫల్లూజాకు చెందిన న్యాయశాస్త్ర పండితుడు తాహా జాబిర్ అల్-అల్వానీ, పాత మిత్రత్రయం బర్జింజీ, తుతుంజీ, అల్‌తాలిబ్ ఇందులో ఉన్నారు. 1986 మే 27న పెన్సిల్వేనియాలోని వైన్‌కోట్‌లో ఫారూఖీని, ఆయన భార్య, కళాచరిత్రకారిణి లోయిస్ లమ్యాను వారి ఇంట్లోనే ఒక దుండగుడు పొడిచి చంపాడు. సంస్థకు అది పెద్ద దెబ్బ. నిర్వాహకుల దీక్ష వల్లే అది నిలిచింది. అయినా జ్ఞానాన్ని ఇస్లామీకరించడమన్న ఆ పెద్ద పథకం అనుకున్నంత ఫలితం ఇవ్వలేదు. పుస్తకాలు, పత్రికలు, సదస్సులు చాలా వచ్చాయి. అర్థశాస్త్రమో సమాజశాస్త్రమో ఆ దారిలో కొత్తగా రూపుదిద్దుకున్న దాఖలా మాత్రం లేదు.

ఈ తరం ఆలోచనా సరళి బాగా తెలియాలంటే హిషామ్ అల్‌తాలిబ్ రాసి ఐఐఐటీ 1991లో ప్రచురించిన కార్యకర్తల శిక్షణ పుస్తకం చూడాలి. అందులో సమావేశం ఎలా నడపాలి, మినిట్స్ ఎలా రాయాలి, నిర్ణయం ఎలా తీసుకోవాలి, కాలాన్ని ఎలా పొదుపు చేసుకోవాలి వంటి విషయాలు పాఠాలుగా ఉన్నాయి. మతకార్యాన్ని కూడా ప్రాజెక్టుగా చూసిన ఇంజనీర్ల పుస్తకమది.

సంస్థలకు రాబడి కావాలి. ఆ అవసరం తీర్చిన వ్యాపారం వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో కేంద్రీకృతమైంది. వాషింగ్టన్‌కు పడమరన, డల్లెస్ విమానాశ్రయం పక్కన ఉన్న ఈ చిన్న పట్టణంలో 1983లో సార్ ఫౌండేషన్ ఏర్పడింది. సౌదీ అరేబియాలో బ్యాంకింగ్‌తో ధనవంతులైన అల్-రాజ్‌హీ కుటుంబపు పెద్ద సులేమాన్ పేరులోని తొలి అక్షరాలే ఆ సంస్థ పేరు. బర్జింజీ, ఆయన సహచరులు దాన్ని, దాని చుట్టూ అల్లుకున్న కంపెనీలను, ధర్మసంస్థలను నడిపారు. స్థిరాస్తి, వ్యవసాయం, కోళ్ల పరిశ్రమల్లో పెట్టుబడులు పెట్టారు. వచ్చిన లాభంలో భాగం విద్యకు, పరిశోధనకు, సహాయానికి వెళ్లేది. గ్రోవ్ స్ట్రీట్‌లో ఒకే భవనం చిరునామాతో పదుల కొద్దీ సంస్థలు రిజిస్టరయ్యాయి. దర్యాప్తు అధికారులకు తర్వాత అనుమానం కలిగించిన వాటిలో ఇదొకటి. వ్యాపార ప్రపంచంలో ఒకే చిరునామాతో అనేక కంపెనీలు ఉండడం సాధారణమే. ధర్మసంస్థల డబ్బు వాటి మధ్య చేతులు మారుతున్నప్పుడు మాత్రం లెక్కలు మరింత తేటగా ఉండాలని అడగడమూ న్యాయమే.

ఈ పెట్టుబడుల్లో ప్రధానమైనది జార్జియాలోని గెయిన్స్‌విల్‌లో ఉన్న మార్-జాక్ పౌల్ట్రీ. ఈ ఊరు అమెరికా బ్రాయిలర్ పరిశ్రమకు పుట్టినిల్లు. 1930ల మాంద్యంలో పత్తి దెబ్బతిని రైతులు అప్పుల్లో కూరుకుపోయినప్పుడు, దాణా వ్యాపారి జెస్సీ జ్యూయెల్ వారికి కోడిపిల్లలను, దాణాను అరువుకిచ్చి, పెరిగిన కోళ్లను తనే తీసుకునే పద్ధతి పెట్టాడు. తెలుగు జిల్లాల్లో బ్రాయిలర్ రైతులకు బాగా తెలిసిన కాంట్రాక్టు పెంపకం మూలాలు అక్కడున్నాయి. పిల్ల, దాణా, మందు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కష్టం రైతువి. తూకం చూసి పెంపకపు కూలి లెక్కగడతారు. 1954లో మొదలైన మార్-జాక్‌ను 1980లలో హెర్న్‌డన్ పెట్టుబడిదారులు కొన్నారు. దక్షిణాది తెల్లరైతుల షెడ్లలో పెరిగి, మెక్సికో వలస కూలీల చేతుల మీదుగా శుభ్రమై పెట్టెల్లోకి వెళ్లే కోళ్ల వ్యాపారపు యాజమాన్యంలో మోసుల్ కుర్దు ఇంజనీరు ఉండడం వలసల చరిత్రలో మాత్రమే సాధ్యమయ్యే కలయిక. సార్ ఫౌండేషన్ 2000లో మూతపడింది. దాని పనులు చాలావరకు సఫా ట్రస్టు, దాని అనుబంధ సంస్థలు కొనసాగించాయి.

గల్ఫ్ డబ్బు మీద ఆధారపడడం ఈ తరం మీద వచ్చిన ప్రధాన విమర్శ. అది పూర్తిగా కొట్టిపారేయదగింది కాదు. ఇచ్చేవాడి అభిరుచి తీసుకునేవాడి కార్యక్రమంలోకి ఎంతో కొంత వచ్చి తీరుతుంది. రెండో విమర్శ ఇంకా లోతైనది. వలస ముస్లింలు వచ్చేనాటికే అమెరికాలో నల్లజాతి ముస్లింలు లక్షల్లో ఉన్నారు. 1975లో వారి ప్రముఖ నాయకుడు ఎలైజా ముహమ్మద్ మరణించాక ఆయన కొడుకు వారిస్ దీన్ ముహమ్మద్ తన అనుచరులలో అత్యధికులను సున్నీ ఇస్లాంలోకి నడిపించారు. అది అమెరికా ముస్లిం చరిత్రలోనే పెద్ద మలుపు. వలసవారి సంస్థలు కాగితం మీద వారిని సోదరులన్నా, కార్యవర్గాల్లో, నిధుల్లో చోటు ఇచ్చింది తక్కువ. శివారు మసీదులు పెద్దవవుతుంటే నగరాల నడిబొడ్డున ఉన్న నల్లజాతి మసీదులు చిల్లులు పడిన పైకప్పులతో మిగిలాయి. ఆస్తులు కాపాడడంలో అంత ముందుచూపు చూపినవారు ఈ విషయంలో వెనకబడ్డారు.

ఐఐఐటీ ఆలోచనలు అమెరికా కంటే మలేసియాలో ఎక్కువ ఆచరణకు వచ్చాయి. అప్పట్లో ఆ దేశపు యువనేత అయిన అన్వర్ ఇబ్రహీం ఈ బృందానికి విద్యార్థి రోజుల నుంచి మిత్రుడు. 1983లో స్థాపితమైన అంతర్జాతీయ ఇస్లామిక్ విశ్వవిద్యాలయానికి అబూ సులేమాన్ దాదాపు పదేళ్లు రెక్టరుగా ఉన్నారు. బర్జింజీ అక్కడ మతవిద్యల, మానవీయ శాస్త్రాల విభాగానికి డీన్‌గా పనిచేశారు. మతవిద్యను, సామాజిక శాస్త్రాలను ఒకే విభాగంలో చదివించడం లుగానోలో అనుకున్న దానికి ప్రయోగశాల లాంటిది. 1998లో ప్రధాని మహతీర్‌తో విభేదాలు ముదిరి అన్వర్ ఉప ప్రధాని పదవి పోయి జైలు పాలయ్యాక అక్కడి అనుకూల వాతావరణం చెదిరింది.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత కొద్ది వారాల్లోనే, ముస్లిం సైనికులు అమెరికా సైన్యంలో ఉంటూ యుద్ధంలో పాల్గొనవచ్చన్న ఫత్వాను అరబ్బు పండితుల నుంచి తెప్పించినవారు ఐఐఐటీకి చెందిన అల్వానీ. అయినా ఆరు నెలలు తిరక్కుండానే అనుమానం ఆ సంస్థ గుమ్మంలోకే వచ్చింది. ఉగ్రవాదానికి అందే నిధులను పట్టుకునేందుకు అమెరికా కస్టమ్స్ శాఖ నడిపిన ఆపరేషన్ గ్రీన్ క్వెస్ట్‌లో భాగంగా 2002 మార్చి 20న నూటయాభై మంది దాకా ఏజెంట్లు హెర్న్‌డన్, దాని పరిసరాల్లోని ఆఫీసుల మీద, ఇళ్ల మీద ఏకకాలంలో సోదాలు చేశారు. బర్జింజీ ఇల్లు, ఐఐఐటీ కార్యాలయం ఆ జాబితాలో ఉన్నాయి. జార్జియాలో మార్-జాక్‌ను కూడా వదల్లేదు. కంప్యూటర్లు, ఫైళ్లు, ఖాతా పుస్తకాలు పెట్టెలకెత్తి ట్రక్కుల్లో తీసుకుపోయారు. ఒక ఇంట్లో తల్లీకూతుళ్లను గంటల తరబడి సంకెళ్లతో ఉంచారని ఆ కుటుంబం దావా వేసింది. 2009లో అప్పీలు కోర్టు అధికారుల పక్షానే తీర్పు చెప్పింది. సోదాలు జరిగిన రెండు వారాలకు, 2002 ఏప్రిల్ 4న, ముస్లిం ప్రతినిధులు ఆర్థికమంత్రి పాల్ ఒనీల్‌ను కలిసి గోడు చెప్పుకున్నారు.

సోదాల వారంటుకు ఆధారమైన ప్రమాణ పత్రం 2003 అక్టోబరులో బయటపడింది. హెర్న్‌డన్ సంస్థల మధ్య డబ్బు చుట్టూ తిరిగి విదేశాలకు మాయమవుతోందని, పాలస్తీనా తీవ్రవాద సంస్థలకు చేరుతోందన్న అనుమానం ఉందని అందులో ఉంది. ఫ్లోరిడాలో ప్రొఫెసర్ సామి అల్-అరియన్ నడిపిన పరిశోధన కేంద్రానికి ఐఐఐటీ 1990లలో ఇచ్చిన విరాళం వారికి ముఖ్యమైన ఆధారం. అల్-అరియన్ 2006లో ఒక అభియోగాన్ని అంగీకరించారు. ఐఐఐటీ మీద గ్రాండ్ జ్యూరీ ముందు సాక్ష్యం చెప్పడానికి మాత్రం ఒప్పుకోక అదనపు జైలు అనుభవించారు. కోర్టు ధిక్కార కేసును ప్రభుత్వం 2014లో వదులుకుంది. దర్యాప్తు పాయల్లో వేరే వ్యక్తులకు వేరే నేరాల్లో శిక్షలు పడ్డాయి. బర్జింజీ మీద మాత్రం ఏ అభియోగమూ నమోదు కాలేదు. ఆయన తరం నాయకులు యవ్వనంలో బ్రదర్‌హుడ్, భారత ఉపఖండపు జమాతే ఇస్లామీ రచనల ప్రభావంలో పెరిగారన్నది వాస్తవం. దాని ఆధారంగా ఆయన్ని రహస్య కుట్రదారుగా చిత్రించిన రాతలకు లెక్కలేదు. పన్నెండేళ్ల పాటు ప్రభుత్వం చేతిలో ఫైళ్లన్నీ ఉండి కూడా కేసు పెట్టలేకపోయిందన్న సంగతి ఆ రాతల్లో తరచూ కనిపించదు.

జీవితపు చివరి దశలో బర్జింజీ, ఐఐఐటీ అమెరికా విశ్వవిద్యాలయాల వైపు తిరిగారు. సొంత విజ్ఞానాన్ని నిర్మిస్తామన్న పాత పంతం సడలింది. ఉన్న విశ్వవిద్యాలయాల్లోనే ఇస్లాం అధ్యయనానికి పీఠాలు పెట్టించడం మొదలైంది. ఫారూఖీ బోధించిన టెంపుల్ విశ్వవిద్యాలయానికి 15 లక్షల డాలర్ల విరాళం ఇవ్వజూపితే, సోదాల నీడ ఇంకా తొలగలేదన్న అభ్యంతరాలు వచ్చి ఆ ప్రయత్నం ఆగిపోయింది. 2008లో వర్జీనియాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం అంతే మొత్తంతో ఇస్లామిక్ అధ్యయనాల పీఠాన్ని స్వీకరించింది. అదే రాష్ట్రంలో వించెస్టర్‌లోని షెనండోవా విశ్వవిద్యాలయంలో బర్జింజీ పేరుతో ఒక సంస్థ ఏర్పడింది. వేర్వేరు దేశాల విద్యార్థులను ఇంటర్నెట్ ద్వారా ఒకే తరగతిలో కూర్చోబెట్టడం దాని పని.

బర్జింజీ 2015 సెప్టెంబరు 26న, 75 ఏళ్ల వయసులో మరణించారు. అప్పటికి ఆయన పుట్టిన మోసుల్ ఇస్లామిక్ స్టేట్ అధీనంలో ఉంది. అల్వానీ మరుసటి ఏడాది, అబూ సులేమాన్ 2021లో వెళ్లిపోయారు. ఎంఎస్ఏ శాఖలు వందలాది క్యాంపస్‌లలో పనిచేస్తున్నాయి, ఐఐఐటీ హెర్న్‌డన్‌లోనే కొనసాగుతోంది, వందలాది మసీదుల హక్కు పత్రాలు నెయిట్ పేరునే ఉన్నాయి.